కిటికీ లేని గోడ

దయ్యాలను నేను నమ్మను. ఇది రాస్తున్న ఇవాళ కూడా నమ్మడం లేదు. మాది కరీంనగర్. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా మా నాన్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాడు తప్ప తాయెత్తు కట్టనిచ్చేవాడు కాదు. నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏదైనా లోపం కనిపిస్తే, అది మళ్లీ ఎలా వస్తుందో చేసి చూపించగలిగితేనే మా దగ్గర లెక్క. ఒక్కసారి వచ్చి మళ్లీ రానిదాన్ని పక్కన పెట్టేస్తాం. ఇది నేను పక్కన పెట్టలేకపోయిన సంగతి.

ఉద్యోగం కోసం మలేషియా వచ్చి పెనాంగ్‌లో చేరాను. అక్కడే మోహన్ పరిచయమయ్యాడు, తర్వాత పెళ్లి చేసుకున్నాం. వాళ్లది దగ్గర్లోనే ఉన్న సుంగై పెటాని అనే ఊరు, కాపురం అక్కడే పెట్టాం. తండ్రి అప్పలసామి తెలుగువాడు, తల్లి తమిళామె. మోహన్ చిన్నతనంలోనే తండ్రి పోయాడు కాబట్టి ఇంట్లో తమిళమే నడిచింది. మోహన్‌కి వచ్చిన తెలుగు కొద్దిగానే. అదీ శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల్లోకి వచ్చిన వాళ్ల పెద్దల తెలుగు. నాతో మాట్లాడటం కోసం ఆ మాటలే వెతుక్కుని వాడేవాడు. మధ్యలో తమిళం దొర్లేది. చివర్లో, ఇక్కడ అందరూ ప్రతి మాటకీ తగిలించే 'లా' ఉండేది.

ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డులను మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం అతని పని. మొదట మోటారుసైకిల్ మీద వస్తుంటే పక్కనుంచి వచ్చిన కారు కనపడలేదన్నాడు. తర్వాత మెట్ల దగ్గర తడబడటం మొదలైంది. పెనాంగ్‌లో కళ్ల డాక్టరు పరీక్షలన్నీ చేసి, రెటీనా జబ్బు అన్నారు. పుట్టుకతో వచ్చేది, మందు లేదు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందట. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట. చివరికి ఆ గొట్టం కూడా మూసుకుపోతుంది. చూపు ఇంకా కొన్నేళ్లు ఉండొచ్చు అని మాత్రం ధైర్యం చెప్పారు.

ఫ్యాక్టరీవాళ్లు స్టోర్‌కి మార్చారు. అక్కడ కూడా కుదరక మానేశాడు. అప్పుడు నన్ను అడిగింది ఒక్కటే. చూపు ఉండగా నేపుల్స్ చూడాలని.

ఇటలీలో రోమ్ కాదు, వెనిస్ కాదు, నేపుల్స్ ఎందుకంటే, చిన్నప్పుడు వాళ్ల ఇంట్లో టైర్ల షాపువాళ్లు ఇచ్చిన కాలెండర్ ఒకటి ఉండేది. దాని మీద ఆ ఊరి బొమ్మ. నీలం సముద్రం, పసుపు ఇళ్లు, వెనకాల పెద్ద కొండ. సంవత్సరం అయిపోయినా వాళ్లమ్మ దాన్ని తీయలేదు, గోడకి పెచ్చు ఊడిన చోటు కప్పడానికి. మోహన్ దాని కిందే కూర్చుని చదువుకున్నాడు.

చవకగా దొరుకుతాయని ఫిబ్రవరిలో టికెట్లు తీసుకున్నాం. గల్ఫ్ మీదుగా రోమ్, అక్కడి నుంచి బస్సు. పాత ఊళ్లో ఒక గది. ఫోటోల్లో బాల్కనీ, దూరంగా నీళ్లు. వెళ్లి చూస్తే ఆ బాల్కనీ పై అంతస్తువాళ్లది. మా గదికి ఉన్న కిటికీ తెరిస్తే ఇంటి లోపలి వాకిలి, ఎదురింటివాళ్ల బట్టలు. బాత్‌రూంలో కమోడ్ పక్కన నిలబడి తల బయటికి పెడితే బూడిదరంగు ముక్క ఒకటి కనిపించేది. అది సముద్రమని గది అద్దెకిచ్చిన ఇంటావిడ చెప్పింది. గోడలు చెమ్మగా ఉండేవి. హీటర్ దాని ఇష్టం వచ్చినప్పుడు వెలిగేది. ఉన్న స్వెటర్లన్నీ తొడుక్కుని పడుకునేవాళ్లం.

రోజూ వాన. కొండ మబ్బులోనే ఉండిపోయింది. మేము చూద్దామనుకున్న మ్యూజియంలో సగం గదులు మరమ్మతులని మూసేశారు. కోట దగ్గరికి వెళ్తే సమ్మె అని కాగితం అంటించి ఉంది. ఇవన్నీ ఎవరికైనా జరిగేవే. కానీ మాకు అసలు దెబ్బ వెలుతురు దగ్గర తగిలింది. సుంగై పెటానిలో ఎండ ఎండే. ఆ వెలుతురులో మోహన్ ఇంకా బాగానే తిరిగేవాడు. నేపుల్స్‌లో మధ్యాహ్నం కూడా మునిమాపు వేళలా ఉండేది. వీధులేమో రెండు చేతులు చాపితే తగిలేంత ఇరుకు. స్కూటర్లు ఒంటిని రాసుకుంటూ పోయేవి. మోహన్ నా భుజం పట్టుకుని, తల వంచుకుని నడిచాడు. నేను చర్చి గోపురం చూడమంటే ఎటు తిరగాలో తెలిసేది కాదు. మొదట్లో ఏదో ఒకటి అనేవాడు. తర్వాత ఊ కొట్టడం కూడా మానేశాడు.

ఒకసారి మాత్రం నవ్వుతూ అన్నాడు. "కాలెండరే బాగుంది లా, సునీ. అందులో కొండ అగుపడేది."

ఆ సాయంత్రం ఓడరేవు దగ్గర గోడ మీద చేతులు ఆన్చి చాలాసేపు నిలబడ్డాడు. ఇక్కడ నీళ్లు ఎంత లోతు ఉంటాయని అడిగాడు. మామూలుగానే అడిగాడు. తెలియదన్నాను. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం, బజారు వీధిలో ఉండగా అతనికి తలనొప్పి మొదలైంది. ఎదురుగా మందుల షాపు ఉంది. పక్క టీ కొట్టు లాంటిదాని ముందు, రేకు కింద, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కదలొద్దని చెప్పి లోపలికెళ్లాను. అతని ఫోను నా సంచీలోనే ఉంది. షాపులో నా ముందు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. మాత్రలు తీసుకుని బయటికొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

మొదట టాయిలెట్‌కి వెళ్లాడనుకున్నాను. కొట్టు అతన్ని అడిగితే భుజాలు ఎగరేశాడు. కూరగాయలమ్మే ఆమె చేత్తో వీధి పైకి చూపించింది, తర్వాత కిందికి కూడా చూపించింది. గొడుగు మూసి పరుగెత్తాను. ఆ సందుల్లో అతన్ని పేరు పెట్టి పిలుస్తూ తిరిగాను. ఎంత తిరిగినా ఒకే సందులోకి వస్తున్నట్టుంది. ఉన్నట్టుండి ముందు రోజు అతను అడిగిన మాట గుర్తొచ్చింది. ఎలా దిగానో తెలియదు, ఓడరేవు గోడ దగ్గర తేలాను. ఇద్దరు ముసలివాళ్లు గాలం వేసుకుని కూర్చున్నారు. ఫోనులో మోహన్ ఫోటో చూపించాను. లేదని తల ఊపారు. నీళ్లవైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అయినా చూశాను.

పోలీసులకు చెబుదామని మళ్లీ పైకి వస్తుంటే కనిపించాడు. బజారు వీధి నుంచి పక్కకు తిరిగే నిలువు మెట్లదారి ఒకటి ఉంది. దాని పైన చిన్న పాత చర్చి. ఆ చర్చి గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఏడ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ ముఖం మాత్రం, ఎలా చెప్పాలి, డాక్టరు ఆ మాట చెప్పకముందు ఉన్న ముఖం అది.

నేను తిట్టాను. ఏడ్చాను. పట్టుకుని లేపబోతూ గమనించాను. అతని జాకెట్ పొడిగా ఉంది. జుట్టు పొడిగా ఉంది. బూట్ల మీద కూడా తడి లేదు. నేను తల నుంచి కాలి దాకా తడిసి ఉన్నాను. వాన ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆ గుమ్మానికి చూరు లేదు.

నేను తెరిచిన గొడుగు కింద అక్కడే కూర్చుని చెప్పాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

కుర్చీలో ఉండగా ఎవరో ఆడమనిషి వచ్చి చెయ్యి పట్టుకుందట. గరుకు చెయ్యి, వెచ్చగా ఉందట. "రా బాబూ, బేగి రా" అందట. తెలుగు కదా, నేనే ఎవరినో పంపాననుకుని లేచాడు. ఆమె ముందు, ఇతను వెనక. ఎక్కడ మెట్టు ఉంటే అక్కడ మెట్టు అని చెప్పింది. ఎక్కడ గుంట ఉంటే అక్కడ ఆపింది. అలా నడిచి ఒక గుమ్మం దాటి లోపలికి వెళ్లారట.

"లోపల అంతా ఎలుగు, సునీ. గొట్టం నేదు. మొత్తం అగుపడింది. ఈ పక్క, ఆ పక్క, పైన, అంతా ఒకేసారి."

నీలం కప్పు చూశాడట. నేల మీద పసుపు, ఆకుపచ్చ పువ్వుల పలకలు. గోడ దగ్గర ఒంటి రెక్కతో దేవదూత బొమ్మ. రెండో రెక్క విరిగి, కింద గోడకి ఆన్చి ఉంది. దాని పక్కన నారింజరంగు ప్లాస్టిక్ బకెట్లు, నీళ్లు కారే చోట పెట్టినట్టు. ఎడమ గోడకి పెద్ద కిటికీ ఉందట. అందులోంచి కొండ కనిపించిందట, శిఖరం మీద మంచుతో సహా. ఆమె అతన్ని ఆ కిటికీ ముందు నిలబెట్టి, సూడు, బాగా సూడు అందట. ఆమె ముఖం చూశావా అని అడిగాను. కొండనే చూస్తూ ఉండిపోయానన్నాడు.

తర్వాత నన్ను ఒక మాట అడిగాడు. "దారంతా సెయ్యి ఒగ్గకు, సెయ్యి ఒగ్గకు అన్నాది. ఒగ్గకు అంటే ఏటి?"

హైదరాబాద్ హాస్టల్లో నా గదిలో పలాస అమ్మాయి ఉండేది. ఆమె నోట విన్నాను కాబట్టి నాకు తెలుసు. వదలకు అని అర్థం, అని చెప్పాను. మోహన్ తల ఊపాడు.

"అదే అనుకున్నాను. నేను ఒగ్గనేదు. ఆయమ్మే ఒగ్గేసినాది."

చెయ్యి వదలగానే మెట్టు మీద ఉన్నాడు. గొట్టం మళ్లీ వచ్చేసింది.

నేను లేచి గుమ్మం చూశాను. తలుపులకు గొలుసు, గొలుసుకు తాళం. తాళం మొత్తం తుప్పు. గడప పగుళ్లలో గడ్డి మొలిచి, తలుపు కింది అంచుకు ఆనుకుని ఉంది. ఆ తలుపు ఈమధ్య తెరిచిన తలుపు కాదు. ఫోటో తీసుకున్నాను. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

గదికి వెళ్లాక ఇంటావిడను అడిగాను. వయసు మళ్లిన మనిషి, ఆ వీధిలోనే పుట్టి పెరిగింది. ఆమె ఇటాలియన్, నా ఇంగ్లీషు, మధ్యలో ఫోను అనువాదం. ఎప్పుడో వచ్చిన పెద్ద భూకంపంలో ఆ చర్చి కప్పు దెబ్బ తిందని, అప్పటి నుంచి మూసే ఉందని చెప్పింది. తన పెళ్లి అందులోనే అయిందట. నేను దేవదూత రెక్క సంగతి చెప్పాను. ఆమె ఫోను వైపు చూసి, మోహన్ వైపు చూసి, మెల్లగా కుర్చీలో కూర్చుంది. రెక్క భూకంపంలోనే విరిగిందట. పలకల రంగులు కూడా సరిపోయాయి. బకెట్ల గురించి తనకు తెలియదంది. కిటికీ మాత్రం లేదని గట్టిగా చెప్పింది. ఎడమ వైపు పెద్ద ఇల్లు ఒకటి ఆనుకుని ఉందట, అటు కిటికీ ఎలా పెడతారని నన్నే అడిగింది.

తాళం చెవి కోసం ఎవరికో ఫోను చేసింది. అది ఏదో ఆఫీసులో ఉందన్నారు. మరునాడు మాకు ప్రయాణం.

ఇంటికొచ్చాక కొంతకాలం బాగున్నాడు. పలకరించినవాళ్లందరికీ ఇటలీ గురించి చెప్పేవాడు. తర్వాత, డాక్టరు చెప్పినదానికంటే ఎంతో ముందుగా, చూపు పోయింది. ఒకరోజు బాగా తెల్లారాక లేచి, లైటు వెయ్యమన్నాడు. కర్టెన్లు తీసే ఉన్నాయి.

డాక్టరుకు నేపుల్స్ సంగతి చెప్పాను. చూపు తగ్గేవాళ్లలో మెదడు తనంతట తాను బొమ్మలు సృష్టించుకుంటుందని, చాలామందికి జరుగుతుందని ఓపిగ్గా వివరించారు. నాకు అది సబబుగానే అనిపించింది. వెళ్లే ముందు మోహన్ ఆ ఊరి పాత వీడియోలు ఎన్నో చూశాడు. వాటిలో ఏదో ఒకదానిలో ఆ చర్చి లోపలి భాగం ఉండి ఉండొచ్చు. చిన్నప్పుడు తండ్రి అన్న మాట ఏదో మనసులో మిగిలి ఉండొచ్చు. ఇవన్నీ నేనే నాకు చెప్పుకున్నాను. పొడిగా ఉన్న జాకెట్ దగ్గరకు వచ్చేసరికి ఏం చెప్పుకోవాలో తెలియలేదు.

మోహన్ మాత్రం, చెయ్యి పట్టుకుని నడిపించినామె తన నాయనమ్మ అని తీర్మానించుకున్నాడు. నాయనమ్మ అతను పుట్టకముందే పోయింది. రబ్బరు తోటలో పాల కోసం చెట్లు గీసిన మనిషి, చెయ్యి గరుకుగా ఉంటుంది కదా అన్నాడు. అది అతనికి ఆసరాగా ఉంది. కాబట్టి నేనూ కాదనలేదు. తెలుక్ ఇంటాన్‌లో అతని మేనత్త ఉంది, సింహాచలం అత్త. ఆమె నోట కూడా వినాలని పట్టుబడితే కారులో తీసుకెళ్లాను.

అత్త అంతా వింది. చివర్న మోహన్ మోకాలి మీద చెయ్యి వేసింది.

"మా అమ్మ కాదు నాయనా. మా అమ్మ మూగది. పుట్టినకాడ్నించి ఒక్క మాటన్నది నేదు. మీ నాన్న నీకు సెప్పనేదా?"

చెప్పే వయసు వచ్చేదాకా తండ్రి బతకలేదు. మరి ఇంకెవరు అని అడిగాడు. అత్త ఒక్కొక్కరినీ తలుచుకుంది. పోయిన పిన్నమ్మలు, పెద్దమ్మలు. ఒకామె ఆస్తమాతో నాలుగడుగులు వేయలేకపోయేది. ఒకామెకు తెలుగే రాదు. ఏ ఒక్కరూ సరిపోలేదు. తిరిగొచ్చేటప్పుడు హైవే మీద మోహన్ కిటికీ అద్దానికి తల ఆన్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత కర్ర పట్టుకుని నడవడం నేర్పే క్లాసుకు వెళ్లడం మానేశాడు. ఫోనులో ఉన్నది చదివి వినిపించే యాప్ తీసేయమన్నాడు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దున కూర్చోబెట్టిన చోటే ఉండేవాడు. నేను పక్కన కూర్చుని ఏవో వర్ణించి చెప్పేదాన్ని. ఎదురింటివాళ్లు గేటుకు రంగు వేశారు, వీధి చివర మామిడి పూసింది అని. ఒకరోజు మెల్లగా ఆపాడు.

"నివ్వు సెప్తే ఇనబడతాది, సునీ. ఆయమ్మ సెప్తే అగుపడింది."

దాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాలో ఓపిక లేకపోయింది.

ఇంటావిడ దగ్గర నుంచి అప్పుడప్పుడు మెసేజీలు వచ్చేవి. చర్చి బాగు చేస్తున్నారని, తలుపులు తెరిచారని, మేము వస్తే లోపలికి తీసుకెళ్తానని రాసింది. చదివి వినిపించాను. ఎన్నో నెలల తర్వాత మోహన్ తనంతట తాను లేచి నిలబడ్డాడు. ఇక ఆలోచించలేదు, బయలుదేరాం. ఈసారి ఎండాకాలం. అక్కడ దిగీదిగగానే కొండ నిలువెల్లా కనిపించింది, గోధుమరంగులో, పైన మంచు లేకుండా. చెప్పాను. అతను అటు తల తిప్పలేదు.

చర్చి తలుపుకి గొలుసు లేదు. లోపల పరంజీలు కట్టి ఉన్నాయి. నేను గడపలోనే ఆగిపోయాను. నీలం కప్పు, అక్కడక్కడా ఊడి. పసుపు, ఆకుపచ్చ పువ్వుల పలకలు. ఒంటి రెక్క దేవదూత. రెండో రెక్క కింద గోడకి ఆన్చి ఉంది, ఒక గుడ్డ కప్పి. మూలన, దుమ్ము కొట్టుకుపోయి, నారింజరంగు బకెట్లు. అవి పనివాళ్లు తెచ్చినవేమో అని ఇంటావిడ చేత అడిగించాను. వచ్చేటప్పటికే ఉన్నాయన్నారు.

మోహన్‌కి చెప్పాను, నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయని. అతను పట్టించుకోలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లమన్నాడు.

ఎడమ గోడ దగ్గరికి తీసుకెళ్లాను. అది ఉత్త గోడ. సున్నం పెచ్చులు లేచిన రాతి గోడ. ఎప్పుడైనా కిటికీ ఉండి మూసేసిన గుర్తు కూడా లేదు. నేనేమీ అనకముందే మోహన్ రెండు అరచేతులూ గోడకి ఆన్చాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా తడుముకుంటూ నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. మునివేళ్ల మీద లేచి, అందినంత పైకి తడిమాడు. పనివాళ్లు సుత్తులు ఆపి చూస్తున్నారు. ఇంటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత గోడకు వీపు ఆన్చి, కుడి చెయ్యి కొంచెం ముందుకు చాపి నిలబడ్డాడు. నేను ఆ చెయ్యి పట్టుకోబోతే, నా గాజుల చప్పుడు విని, వద్దన్నట్టు వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ చాపాడు. ఎంతసేపో అలాగే ఉన్నాడు. నేను దూరంగా జరిగి ఒక బల్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. పనివాళ్లు భోజనానికి వెళ్లి తిరిగొచ్చారు. అప్పుడు చెయ్యి దించాడు.

"ఇది కాదు లా" అన్నాడు. "ఇంటికి పోదాం."

ఇప్పుడు అతను ఆ ఊసు ఎత్తడు. ఇటలీ ఎలా ఉంది అని ఎవరైనా అడిగితే, బాగుంది అంటాడు, అంతే. తినమంటే తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. పెనాంగ్‌లో ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆమె మంచిది. ఆమె అడిగినవాటికి ఇతను తమిళంలో మర్యాదగా జవాబులు చెప్పి వస్తాడు.

మొదట్లో, మోహన్ చెయ్యి పట్టుకుని నడిపించిన ఆమె ఎవరో తెలుసుకోవాలని నాకు చాలా ఉండేది. దేశం కాని దేశంలో, మనవాళ్లెవరూ లేని వీధిలో, ఆ తెలుగు ఎవరిదో, ఆ వాన మోహన్ మీద ఎందుకు పడలేదో, లేని కిటికీలోంచి కొండ ఎలా కనిపించిందో. ఇప్పుడు వాటికి జవాబులు వెతకడం మానేశాను. చెయ్యి వదలొద్దని అన్నిసార్లు చెప్పిన మనిషి తనే ఎందుకు వదిలేసిందో, అది ఒక్కటి ఎవరైనా చెబితే చాలు.